పొద్దున్నే పోశారు

గంట మోగితే బడిలోంచి పిల్లలు బయటపడతారు, ఫ్యాక్టరీ గేటు దగ్గర మనుషులు నడక పెంచుతారు, తప్పిపోయిన ఆవు ఎటుందో తెలుస్తుంది. ఇంత పని చేసే గంటను ఎవరు తయారుచేశారని మాత్రం ఎవరూ అడగరు. ఈ సంగతి గంటాయనకు చిన్నప్పటినుంచీ తెలుసు. తెలిసినా కడుపులో ఒక మూల అది మండుతూనే ఉండేది. పైకి మాత్రం "పేరుదేముందండీ, మోత ముఖ్యం" అనేవాడు. అలా అన్న ప్రతిసారీ, ఎదుటివాడు "అదేం మాట, మీలాంటివారికి పేరు రావాలి" అంటాడేమోనని ఒక్క క్షణం ఆగేవాడు. ఎవరూ అనేవారు కాదు. "అంతేగా మరి" అని గంట చంకన పెట్టుకుని వెళ్ళిపోయేవారు.

సిమెంటు కొట్టుకూ, సైకిళ్ళు బాగుచేసే షెడ్డుకూ మధ్య ఇరుకు సందులో ఆయన ఇల్లు. ముందు గదిలో కాపురం, వెనక రేకుల చావిట్లో కొలిమి, చావిడి మధ్యలో ఒక గొయ్యి. గంటను "చేస్తారు" అని బయటివాళ్ళు అంటారు గానీ ఆ ఇంట్లో ఆ మాట వాడరు. గంటను పోస్తారు. మైనంతో గంట ఆకారం తీర్చి, దానికి మట్టి పట్టించి, కాల్చి, మైనాన్ని కరిగించి తీసేసి, ఆ మట్టి అచ్చును గొయ్యిలో మెడ దాకా పాతిపెట్టి, కరిగిన కంచును అందులోకి పోయాలి. పోశాక అది మట్టిలోనే నిదానంగా చల్లారాలి. తొందరపడి తీస్తే బీట వారుతుంది. చల్లారాక పైకి లాగి మట్టి పగలగొడితే లోపల గంట ఉంటుంది. దాన్ని మొదట మోగించేది కూడా ఆయన కాదు. ఆయన ఇల్లాలు కొయ్య సుత్తితో ఒకసారి తట్టి, తల వంచి విని, ఒకే ఒక్క మాట చెబుతుంది. గొంతు పలికితే "ఉంది" అంటుంది. పలకకపోతే "పోయింది" అంటుంది. పోయినదాన్ని మళ్ళీ కరిగించుకోవడమే.

ఇంకో పద్ధతి కూడా ఉంది. పోసినప్పటినుంచి గంట మట్టిలోంచి బయటపడేదాకా గంటాయన నోరు విప్పడు. దాని గొంతు కుదురుకునేదాకా మన గొంతు లేవకూడదని తండ్రి నేర్పాడు. అత్తగారితో వాదన తప్పించుకోవడానికి మామగారు కనిపెట్టిన ఉపాయం తప్ప ఇందులో మరేమీ లేదని ఇల్లాలి అభిప్రాయం. అయినా ఆ రోజుల్లో ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది కాబట్టి ఆవిడ ఎప్పుడూ అభ్యంతరం చెప్పలేదు.

ఇలా నడుస్తున్న సంసారంలోకి అవార్డు మాట తెచ్చినవాడు బావమరిది. పంపులూ పైపులూ అమ్ముకునే మనిషి. ఏ పనికైనా దగ్గరి దారి ఒకటి ఉంటుందనీ, అది తనకొక్కడికే తెలుసుననీ ఆయన గట్టి నమ్మకం.

"బావా, చేతిపనుల గౌరవ సమితి అని ఒకటుంది. నీ ఫోటో పెట్టి దరఖాస్తు పడేశాను," అన్నాడు ఒకరోజు.

"నన్నడక్కుండా ఎందుకు పెట్టావు? నాకెందుకయ్యా అవన్నీ," అని గంటాయన విసుక్కున్నాడు. ఆ వెంటనే, "ఏ ఫోటో పెట్టావు?" అన్నాడు.

"రేషను కార్డుది."

"దాంట్లో నేను దొంగలా ఉంటానురా!"

"కళాకారుడు అలాగే ఉండాలి బావా. విను. కొత్తగా పెద్ద హాలు కడుతున్నారు. అవార్డు వచ్చినవాడి గంటే అక్కడ వేలాడదీస్తారట. పక్కన గోడకు ఇత్తడి పలక. దాని మీద నీ పేరు, ఇంటిపేరుతో సహా."

ఆ పూట గంటాయనకు అన్నం సహించలేదు. తండ్రి పోసిన గంటలు ఎన్ని చోట్ల మోగుతున్నాయో లెక్కలేదు, ఒక్కదాని మీదా పేరు లేదు. తనవీ అంతే. ఇత్తడి పలక మీద తన పేరు ఒక్కసారి కళ్ళారా చూసుకోవాలని ఆయనకు ఎంత ఆశ పుట్టిందంటే, ఎవరూ అడగకుండానే, అవార్డు రాకుండానే, దాచుకున్న రాగి అంతా తీసి నడుమెత్తు గంటకు అచ్చు కట్టడం మొదలుపెట్టాడు. "ఊరికే, చెయ్యి వాటం పోకుండా," అని ఇల్లాలికి చెప్పాడు. ఆవిడ నవ్వి ఊరుకుంది.

ఆ గంటను పోసిన రోజు ఆయన జీవితంలోకెల్లా మంచి పోత. కరిగిన కంచు రంగు మసక వెలుతురులో బాగా తెలుస్తుందని తెల్లవారకముందే మొదలుపెట్టాలనుకున్నారు. బొగ్గు తడిసి కాస్త ఆలస్యమైంది. అయినా ధార ఎక్కడా తెగలేదు, ఎక్కడా చిందలేదు. గంటాయన చేతులు కడుక్కుని, పెదాలు బిగించుకుని, ముందు గదిలో నులక మంచం మీద వాలాడు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

ఇల్లాలు ఎత్తింది. ఇన్నేళ్ళు గంటల పక్కన కాపురం చేసిన మనిషి, చెవులు అంతంతమాత్రం. పైగా వెనక చావిట్లో కొలిమి ఊదే మోటారు ఇంకా రొద పెడుతూనే ఉంది.

"గంటల ఆయన ఇల్లేనా అమ్మా? గౌరవ సమితి కార్యదర్శిని మాట్లాడుతున్నాను. ఆయన్ని ఒకసారి పిలుస్తారా?"

ఫోనులోంచి "సమితి" అన్న మాట చెవిన పడి మంచం మీద గంటాయన దిగ్గున లేచి కూర్చున్నాడు.

"ఇప్పుడు మాట్లాడరండీ," అంది ఆవిడ, ఊరంతా వినబడేలా. "పొద్దున్నే పోశారు."

అవతలినుంచి, "అయ్యయ్యో! పొద్దున్నే పోయారా!" అని వినిపించింది. ఆవిడ చెవికి అది "పోశారా" గానే చేరింది.

"అవునండీ. తెల్లారకముందే అనుకున్నారు, కాస్త ఆలస్యమైంది."

"ముందే తెలుసా అమ్మా?"

"నెల నుంచీ ఇదే ధ్యాస."

"బాధ... ఎక్కువ పడ్డారా?"

"లేదండీ, ఈసారి చాలా హాయిగా పోశారు. ఒక్క చుక్క ఒలకలేదు."

కార్యదర్శి ముక్కు ఎగబీల్చారు. "మరి ఇప్పుడు ఎక్కడ..."

"మట్టిలో ఉందండీ. ఇంకా వేడిగానే ఉంది."

"అప్పుడే మట్టిలో పెట్టేశారా!"

"భలేవారే! ముందు మట్టిలో పెట్టాకే కదండీ పోసేది."

ఈ మాట దగ్గర ఎవరికైనా అనుమానం రావాలి. కార్యదర్శి గారికి రాలేదు. దుఃఖంలో మతి చలించిందని అనుకున్నారు. మంచం మీద గంటాయనకు మాత్రం ఎక్కడో ఏదో బెసుకుతోందని తెలుస్తూనే ఉంది. చేతులు ఊపాడు, చిటికెలు వేశాడు, మంచం కోడును గుద్దాడు. ఆవిడ "ఉండండి, మీ పనే" అన్నట్టు అరచెయ్యి చూపించింది. నోరు తెరిచి ఒక్క "హలో" అంటే బతికిపోయేవాడు. కానీ గొయ్యిలో గంట ఉంది. ఈ గంట దేనికోసం పోశాడో ఆ పేరు, ఆ పలక, అన్నీ దాని గొంతు మీదే ఆధారపడి ఉన్నాయి. పళ్ళు బిగపట్టి కూర్చున్నాడు.

"ధైర్యంగా ఉండండమ్మా," అన్నారు కార్యదర్శి.

"ధైర్యానికేముందండీ, ఇలాంటివి ఎన్ని చూశాను! సరిగ్గా రాకపోతే మళ్ళీ పోస్తారు. ఆయనకు అలవాటే."

ఫోను పెట్టేసి ఆవిడ సంబరంగా తిరిగింది. "ఎంత మంచాయనో! మీ మాట చెబుతుంటే ఆయనకు ఏడుపొచ్చేసింది. గౌరవం తప్పకుండా మీకేనట. అన్నీ వాళ్ళే చూసుకుంటారట."

గంటాయన అనుమానమంతా ఆ ఒక్క మాటతో ఎగిరిపోయింది. మనకు కావలసింది వినబడితే మిగతాది ఎవరు పట్టించుకుంటారు? కళ్ళు తుడుచుకుని, పైకప్పు వైపు చూస్తూ, చప్పుడు లేకుండా నవ్వుకున్నాడు.

గంట బయటికి తీసిన రోజున ఇల్లాలు సుత్తితో తట్టింది. చావిట్లో రేకులు కూడా పలికాయి. ఆ మోత ఎంతకీ ఆగదే! ఆవిడ తల వంచి వింది, ఇంకా వింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఉంది," అంది. ఆయనకు మాట్లాడే వీలు వచ్చిన ఆ తొలి నిమిషంలోనే బావమరిది పేపరు పట్టుకుని పరుగున వచ్చాడు.

"బావా, నువ్వు పోయావట!"

"ఎక్కడికి?"

బావమరిది పేపరు చూపించాడు. రేషను కార్డు ఫోటో చుట్టూ నల్ల గీత. కింద "గంటల శిల్పి అస్తమయం" అని ఉంది. చేతికళకు తీరని లోటని, సమితి ఆయనకు స్మారక గౌరవం ప్రకటించిందని, ఆయన పోసిన చివరి గంటను కొత్త హాలులో ప్రతిష్ఠిస్తామని రాశారు. గంటాయన రెండుసార్లు చదివాడు. మొదటిసారి ఒళ్ళు మండిపోయింది. రెండోసారి చదివేటప్పుడు "ఇలాంటి చెయ్యి మళ్ళీ పుట్టదు" అన్న వాక్యం దగ్గర కాస్త నెమ్మదించాడు.

"నేనేమీ తప్పు చెప్పలేదు," అంది ఇల్లాలు. "పోశారనే చెప్పాను."

"పద, ఇప్పుడే వెళ్ళి నేను బతికే ఉన్నానని చెప్పొస్తాను," అని గంటాయన చొక్కా తొడుక్కున్నాడు.

ముగ్గురూ బయలుదేరారు. సందు చివర సిమెంటు కొట్టు యజమాని ఎదురై, "పేపర్లో మీ ఫోటో బాగా పడిందండీ," అన్నాడు. వార్త చదివినట్టు లేదు.

సమితి ఆఫీసులో అద్దాల బీరువా నిండా చేతితో చేసిన వస్తువులున్నాయి. దాని తాళం చెవి ఎప్పుడో పోయిందట, అందుకని దుమ్ము కూడా లోపలే భద్రంగా ఉంది. కార్యదర్శి గారు బల్ల మీది మీట నొక్కితే బయట కరెంటు బెల్లు గీమంటోంది. గంటాయనకు ఆ చప్పుడుకే సగం ప్రాణం పోయినట్టయింది. ఆయన నోరు తెరిచేలోగా కార్యదర్శి గారే లేచి రెండు చేతులూ పట్టుకున్నారు.

"చూడగానే తెలిసింది. తమ్ముడుగారు కదూ! అచ్చం అవే పోలికలు. అయితే ఆయన ముఖంలో ఒక తేజస్సు ఉండేది లెండి."

"రేషను కార్డు ఫోటోలోనా?" అన్నాడు గంటాయన.

"అందులోనే! అసలు చెప్పాలంటే మా సమితిలో ఏనాడూ ఒక పేరు మీద అందరూ ఒప్పుకోలేదండీ. బతికున్నవాళ్ళతో వచ్చే తంటా అది. ఒకరికిస్తే ఇంకొకరికి కోపం. ఈ ఏడు బతికున్నవాళ్ళ గౌరవం బొమ్మల దుకాణం ఆవిడకు ఇచ్చేశాం. ఆవిడ ఏమీ చెయ్యదు గానీ అన్నీ అమ్ముతుంది. మీ అన్నగారి పేరు ముందుకు వచ్చినప్పుడు కూడా పెద్ద రగడ. ఈ కబురు తెలియగానే అందరూ ఒక్కమాట మీదికి వచ్చేశారు. మహానుభావుడు, సమయానికి వెళ్ళిపోయాడు!"

"ఒకవేళ ఆయన బతికే ఉంటే?" అంది ఇల్లాలు.

కార్యదర్శి గారు జాలిగా చూశారు. "ఉంటే ఏముందమ్మా, వచ్చే ఏడు మళ్ళీ దరఖాస్తు పెట్టుకునేవారు."

బావమరిది గంటాయన మోచెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కెళ్ళాడు. "బావా, తిక్కగా మాట్లాడకు. బతికుంటే గంటా లేదు, పలకా లేదు. పోతే రెండూ ఉన్నాయి. నువ్వే ఆలోచించుకో."

"సిగ్గులేదురా నీకు?"

"ఉంది. కానీ నీ పేరు ఇత్తడి మీద చూడాలని నాకూ ఉంది." ఈ మాట మాత్రం వాడు నిజంగానే అన్నాడు.

గంటాయన గోడకు చేరబడి రెండు వైపులా తూచి చూసుకున్నాడు. చివరికి ఒక దారి తోచింది. గంట హాలులో కట్టేదాకా, పలక గోడకెక్కేదాకా పోయినవాడిగానే ఉంటాడు. అందరి ముందూ గంట మోగాక, మైకు పుచ్చుకుని, ఇది పోసింది నేనే అని చెబుతాడు. అప్పుడిక గంటనూ దింపలేరు, పలకనూ ఊడదియ్యలేరు. ఆయనకు తన తెలివికి తనకే ముచ్చటేసింది. లోపలికి వెళ్ళి, "అవునండీ, తమ్ముణ్ణే," అన్నాడు.

ఆ క్షణం నుంచి కార్యదర్శి గారికి ఆయన మీద గౌరవం తగ్గి, దయ పెరిగింది. "మీకూ పని వచ్చా?" అని అడిగారు.

"కొద్దో గొప్పో పోస్తానండీ."

"పొయ్యండి, పొయ్యండి. ఆయనంత రాకపోయినా ప్రయత్నం మంచిది."

కార్యక్రమం రోజున హాలు నిండింది. వేదిక మీద ఒక పక్క గంట, ఒక పక్క నిలువెత్తు చేసిన రేషను కార్డు ఫోటో. అంత పెద్దదయ్యాక ఆ ముఖం దొంగలా కాక దొంగల నాయకుడిలా ఉంది. ముందుగా పోయిన కళాకారుడికి మౌనం పాటించమన్నారు. గంటాయన కూడా లేచి, తల వంచి, తనకోసం తాను మౌనంగా నిలబడ్డాడు. మౌనం మొదలైందని తెలియడానికి ఎవరిదో సెల్‌ఫోనులోంచి గంట చప్పుడు వినిపించారు. అసలు గంట పక్కనే వేలాడుతూ ఊరుకుంది.

తరువాత ఉపన్యాసాలు. ఆయన ఏనాడూ పేరు కోరుకోలేదన్నారు. గంటాయన నేల చూపులు చూశాడు. ఆయనకు కోపమంటే తెలియదన్నారు. ఇల్లాలు కొంగుతో మూతి కప్పుకుంది. ఏడుస్తోందనుకుని పక్కావిడ వీపు నిమిరింది. ఒక్కొక్క పొగడ్తే చెవిన పడుతుంటే గంటాయనకు మొదట నవ్వొచ్చింది, తరువాత ఇబ్బందిగా అనిపించింది, ఆ తరువాత నిజంగానే ఏడుపొచ్చింది. ఈ మాటల్లో ఒక్కటి, ఒకే ఒక్కటి, ఏదో ఒక మధ్యాహ్నం కొలిమి దగ్గరికి వచ్చి ముఖాన చెప్పి ఉంటే ఎంత బాగుండేది! తన తండ్రికి ఎవరైనా చెప్పి ఉంటే ఇంకెంత బాగుండేది! ఇన్ని మంచి మాటలు ఈ మనుషుల దగ్గర ఇన్నాళ్ళూ ఉన్నాయన్నమాట. ఎదురుగా మనిషి ఉంటే నోరు పెగలదన్నమాట.

చివరికి కార్యదర్శి గారు మైకు అందుకున్నారు. "ఇది ఆ చేతి నుంచి వచ్చిన చివరి గంట. ఇలాంటిది పోసే మనిషి నేడు భూమ్మీద లేడు. వారి తమ్ముడుగారు వచ్చి దీన్ని మోగిస్తారు."

గంటాయన వేదికెక్కాడు. సుత్తి మాత్రం ముట్టుకోలేదు. ఇల్లాలిని పిలిచాడు. ఆవిడ మెట్లెక్కి వచ్చి, చీర చెంగు సర్దుకుని, ఒక్కసారి తట్టింది.

గంట మోగింది. హాలులో కిటికీ అద్దాలు వణికాయి. గుసగుసలాడుతున్నవాళ్ళు ఆపేశారు. అది గోడ నుంచి గోడకు తిరుగుతోంది, తగ్గుతున్నట్టే తగ్గి మళ్ళీ లేస్తోంది. ఇల్లాలు తల వంచి వింటూ, "ఉంది," అంది. ఆ మాట ఆయన ఒక్కడికే తెలిసింది.

ఇదే సమయం. గంటాయన మైకు లాక్కున్నాడు. గట్టిగా అరిచాడు.

"అయ్యా! నేనే పోశానండీ! మా అన్న కాదు, నేనే పోశాను!"

హాలు నిండా కంచు మోత. ఆ మోతలోంచి జనం చెవిన పడింది: "నేనే పోయానండీ! మా అన్న కాదు, నేనే పోయాను!"

ముందు వరసలో ఒకావిడ భోరుమంది. కార్యదర్శి గారు పరుగున వచ్చి ఆయన్ని కౌగిలించుకున్నారు. "చూశారా! అన్న పోతే తానే పోయానంటున్నాడు! ఈ కాలంలో ఇలాంటి తమ్ముళ్ళు ఉన్నారా!"

"పోవడం కాదండీ! పోయడం! పోత!" అని గంటాయన ఆ కౌగిట్లోంచే కేకలు పెట్టాడు. ఎంత అరిస్తే అంత చప్పట్లు. గంట ఇంకా మోగుతూనే ఉంది. కాస్త చెడ్డ గంటైతే ఈపాటికి ఆగిపోయేది, ఆయన మాట వినబడేది. తన జీవితంలోకెల్లా మంచి గంట పోసినందుకు ఆయన నోరు ఆయన గంటే మూసేసింది. మోత పూర్తిగా సద్దుమణిగే సరికి జాతీయగీతం మొదలైంది, అందరూ కదలకుండా నిలబడ్డారు, ఆయన కూడా నిలబడ్డాడు. ఆ తరువాత అంతా టీల దగ్గరికి వెళ్ళిపోయారు.

ఖాళీ హాలులో భార్యాభర్తలిద్దరూ గోడ దగ్గరికి వెళ్ళి పలక చూశారు. మంచి దళసరి ఇత్తడి. పైన ఆయన పేరు, ఇంటిపేరుతో సహా, ఒక్క తప్పు లేకుండా ఉంది. గంటాయన వేలితో అక్షరాలు తడిమాడు. పేరు కింద తేదీ. దాని కింద, కళాకారుడి పలక జనం మాటల్లోనే ఉండాలని కార్యదర్శి గారు పట్టుబట్టి రాయించిన వాక్యాలు: "పొద్దున్నే పోయారు. చాలా హాయిగా పోయారు. ఒక్క చుక్క ఒలకలేదు." చివర, "ఆయన ఇల్లాలి మాటలు" అని ఉంది.

"తేదీ మాత్రం సరిగ్గానే వేశారు," అంది ఇల్లాలు.

నిజమే. ఆ గంట పోసిన తేదీ అదే. తండ్రి పోసిన ఏ గంటకూ తేదీ లేదు. గంటాయనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పక్కనే ఉన్న బెంచీ మీద కూలబడి, "నన్ను బతకనివ్వరే వీళ్ళు," అన్నాడు.

"ఉన్నారుగా. నాకు వినబడుతూనే ఉన్నారు," అంది ఆవిడ.

ఆ తరువాత రోజులు మామూలుగానే గడిచాయి. కాకపోతే గంటల కోసం వచ్చేవాళ్ళు ఇప్పుడు కొత్త మాట నేర్చుకున్నారు. "మీ అన్నగారు పోసినవి ఏమైనా మిగిలాయా?" అని అడిగేవారు. ఎన్నో ఏళ్ళుగా ఆయన దగ్గరే కొంటున్నవాళ్ళు కూడా ఇప్పటి గంట తట్టి చూసి, "బాగానే ఉంది గానీ ఆ చెయ్యి వేరులెండి," అని పెదవి విరిచేవారు. బావమరిది ఉంటే లోపలికి వెళ్ళి, అదే గంటను గుడ్డలో చుట్టి తెచ్చి, "ఇదొక్కటే మిగిలింది," అని ఇచ్చేవాడు. వాళ్ళు కళ్ళకద్దుకుని పట్టుకెళ్ళేవారు. గంటాయన మొదట్లో తిట్టేవాడు, తరువాత తిట్టడం మానేసి చావిట్లోకి వెళ్ళి కూర్చునేవాడు.

ఇలా ఉండగా హాలులో పలక మసకబారింది. ఇత్తడికి మెరుగు పెట్టడం ఎవరికీ చేతకాక, సమితివాళ్ళు తమ్ముడుగారికే కబురు పెట్టారు. గంటాయన మరలు విప్పి పలకను ఇంటికి తెచ్చుకున్నాడు. చింతపండు పులుసుతో తోమితే అక్షరాలు తళతళలాడాయి. అలా చూస్తూ కూర్చున్నాడు. పేరు బాగుంది. తేదీ బాగుంది. "ఒక్క చుక్క ఒలకలేదు" అన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. తప్పు ఉన్నది ఒక్క అక్షరంలో, అది కూడా రెండే చోట్ల.

లేచి కొలిమి వెలిగించాడు. ఆ రెండు అక్షరాల గుంతల్లో ఇత్తడి నింపి, చల్లారాక ఆకురాయితో సమంగా రాసి, సన్న ఉలితో కొత్త అక్షరం చెక్కాడు. "యా" పోయి "శా" వచ్చింది. ఇల్లాలు దగ్గరికి వచ్చి, కళ్ళు చికిలించి, పైకి చదివింది. "పొద్దున్నే పోశారు. చాలా హాయిగా పోశారు. ఒక్క చుక్క ఒలకలేదు." తృప్తిగా తల ఊపింది. "నేనన్నది ఇదే."

పలకను తిరిగి గోడకు బిగిస్తుండగా కార్యదర్శి గారు అటుగా వచ్చారు. కళ్ళజోడు సర్దుకుని చదివారు. నుదురు చిట్లించారు.

"ఇదేమిటయ్యా, 'పోశారు' అని ఉంది! ఆవిడ 'పోయారు' అంది, నా చెవులతో నేను విన్నాను. ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదన్నమాట. ఈ చెక్కేవాళ్ళకు ఒక్క అక్షరం సరిగ్గా రాదు కదా!"

"తీసి బాగుచెయ్యమంటారా?" అన్నాడు గంటాయన, చేతిలో మరతిప్పితో.

కార్యదర్శి గారు ఆలోచించారు. చెయ్యి విదిలించి నవ్వారు. "పోనీలే, ఎవరు చూస్తారు? పోయినవాళ్ళు వచ్చి చదువుకుంటారా ఏమిటి?"

గంటాయన ఆఖరి మర బిగించి, పలకను పైగుడ్డతో ఒకసారి తుడిచాడు.

"అప్పుడప్పుడూ వస్తారండీ," అన్నాడు. "మెరుగు పెట్టుకోవడానికి."